మషీన్ కొనడం ఒక రోజు, నిభాయించడం రోజూ

"భాయ్, ఏ పంపు తీసుకోమంటారు?"

ఈమధ్య నాకు తరచుగా వస్తున్న ప్రశ్న ఇది. షుగర్ మీద రెండు మూడుసార్లు రాశాను కదా, అందుకని డాక్టరును అడగాల్సినవి కూడా నన్నే అడుగుతున్నారు. నేను డాక్టర్ని కాను, అఖ్బారులో పనిచేసేవాణ్ణి. కానీ ఆ ప్రశ్న వెనకున్న ఫికర్ నాకు అర్థమవుతుంది. అడిగేది ఎవరో అమ్మీ, ఎవరో అబ్బా. ఇంట్లో ఎనిమిదేళ్ళ పాపో, పదమూడేళ్ళ బాబో టైప్ 1 డయాబెటిస్‌తో ఉంటారు. రోజుకు నాలుగైదు ఇంజెక్షన్లు. రాత్రి రెండింటికి లేచి వేలు పొడిచి చూసుకోవడం. యూట్యూబులో ఎవరో నడుముకు చిన్న డబ్బా కట్టుకుని 'ఇన్సులిన్ సంగతి ఇదే చూసుకుంటుంది' అంటుంటే, ఏ తల్లిదండ్రుల దిల్ ఊరుకుంటుంది? అప్పు చేసైనా కొందామనిపిస్తుంది.

నా జవాబు ముందే చెప్తున్నా. ఏ పంపు మంచిది అన్నది రెండో సవాల్. ఏ పద్ధతి మన ఇంట్లో ప్రతి నెలా, ప్రతి రోజూ నడుస్తుంది అన్నది మొదటిది. మొదటిదానికి జవాబు లేకుండా రెండోదానికి పరుగెత్తితే, లక్షలు పోసి తెచ్చిన మషీన్ ఆరు నెలలకు అల్మారాలో పడుకుంటుంది. పిల్ల మళ్ళీ పాత సూది దగ్గరికే వస్తుంది, ఈసారి నెత్తిన ఖర్జా కూడా వేసుకుని.

ముందు ఒక గలత్‌ఫహ్మీ తీసేయాలి. మన ఇళ్ళల్లో 'షుగర్' అంటే దాదీకి ఉన్నదీ, పిల్లకు వచ్చిందీ ఒకటే అనుకుంటారు. కాదు. దాదీది చాలావరకు టైప్ 2. గోలీలతో, నడకతో, తిండి పరహేజ్‌తో ఏళ్ళ తరబడి నడపొచ్చు. పిల్లది టైప్ 1. ఆ ఒంట్లో ఇన్సులిన్ తయారుకావడం దాదాపు ఆగిపోయింది. బయటి నుంచి ఇవ్వకపోతే బతకదు. మెంతులు, కలోంజీ, కాకరకాయ రసం, ఫలానా హకీం సాబ్ పౌడర్, ఇవేవీ ఇన్సులిన్‌కు బదులు కావు. వాటిని నమ్మి ఇన్సులిన్ ఆపితే రక్తంలో కీటోన్లు పెరిగి, ఒకటి రెండు రోజుల్లోనే పిల్ల ఐసీయూలో ఉంటుంది. పంపు గురించి మాట్లాడేముందు ఇంట్లో పెద్దలందరికీ ఈ ఒక్క ఫరక్ తెలియాలి. ఖాలా, ఫూఫీ అందరికీ.

ఇప్పుడు మషీన్ సంగతి. పాతరకం పంపు మనం చెప్పినంత ఇన్సులిన్ చెప్పిన వేళకు వదులుతుంది, అంతే. ఇప్పుడు అందరూ అడుగుతున్న ఆటోమేటెడ్ పద్ధతిలో మూడు భాగాలు. ఒంటికి అతికించే సెన్సర్ ఒకటి. అది చర్మం కింది ద్రవంలో గ్లూకోజ్ ఎంతుందో ప్రతి 5 నిమిషాలకు చూసి చెబుతుంది. రెండోది పంపు, సన్నని గొట్టం ద్వారా ఇన్సులిన్ పంపేది. మూడోది ఈ రెంటి మధ్య హిసాబ్ చేసే ప్రోగ్రాం. షుగర్ ఎక్కుతోందంటే కొంచెం పెంచుతుంది, దిగబోతోందంటే ముందే ఆపేస్తుంది. రాత్రి పూట దీని ఫాయిదా తెలుస్తుంది. పిల్ల పడుకుంటుంది, తల్లి కూడా పడుకుంటుంది. టైప్ 1 ఇంట్లో అమ్మీకి నిద్ర దొరకడం చిన్న నేమత్ కాదు.

అయితే దీన్ని 'హైబ్రిడ్' అంటారు, అంటే సగం పని ఇంకా మనదే. తినేముందు ఎన్ని కార్బోహైడ్రేట్లు తింటున్నామో మనమే లెక్కగట్టి చెప్పాలి. పంపు బిర్యానీ ప్లేటును చూడలేదు కదా! సెన్సర్‌కు తెలిసేది తిన్న తర్వాత షుగర్ ఎక్కడం మొదలయ్యాకే. అప్పటికి ఆలస్యం. అందుకే కార్బ్ లెక్క రాని ఇంట్లో ఎంత ఖరీదైన పంపయినా సగమే పనిచేస్తుంది. ఒక రోటీకి ఎంత, ఒక కప్పు బగారా అన్నానికి ఎంత, ఖుబానీ కా మీఠాకు ఎంత, రెండు ఉస్మానియా బిస్కట్లతో ఇరానీ చాయ్‌కి ఎంత అన్నది వంట చేసే మనిషికి నోటికి రావాలి. హలీంలో మాంసం ఒక్కటే కాదు, గోధుమ కూడా ఉంది. పైగా నెయ్యి. షుగర్ వెంటనే ఎక్కదు, రెండు మూడు గంటల తర్వాత మెల్లగా ఎక్కుతుంది. ఇవన్నీ ఏ కంపెనీ పుస్తకంలోనూ మన జబాన్‌లో రాసి ఉండవు. డైటీషియన్ దగ్గర కూర్చుని మన దస్తర్‌ఖాన్ మీదున్నవి చెప్పి నేర్చుకోవాల్సిందే.

ఇక పేర్ల దగ్గరికి వద్దాం. 2016లో అమెరికాలో మెడ్‌ట్రానిక్ వారి మినీమెడ్ 670జీకి అనుమతి దొరికింది. ఇలాంటి హైబ్రిడ్ పద్ధతుల్లో అక్కడ అనుమతి పొందిన మొదటిది అదే. 2019 చివర్లో ట్యాండెం వారి కంట్రోల్-ఐక్యూ, 2022లో గొట్టం లేకుండా ఒంటికే అతుక్కునే ఆమ్నిపాడ్ 5 వచ్చాయి. వీడియోల్లో ఎక్కువగా కనబడేవి ఈ చివరి రెండూ. మన దేశంలో మాత్రం కంపెనీ మనిషి వచ్చి పెట్టి, నేర్పించి, సామాను సరఫరా చేసే పద్ధతిలో ఎక్కువగా దొరుకుతున్నది మెడ్‌ట్రానిక్ మినీమెడ్ 780జీ. దాంట్లో షుగర్‌ను 100, 110, 120లలో ఏ అంకె దగ్గర నిలపాలో డాక్టరు పెట్టొచ్చు. ఎక్కువైతే దానంతట అదే దిద్దుబాటు ఇన్సులిన్ కూడా వేస్తుంది. కాబట్టి 'అన్ని పంపుల్లో ఏది నంబర్ వన్' అనే బహస్ మనకు చాలావరకు ఫుజూల్. మన ఊరికి సామాను ఎవరు పంపుతారు, అర్ధరాత్రి ఫోనెత్తేది ఎవరు, ఆ పంపును వాడించిన అనుభవం మన డాక్టరుకు ఉందా, ఇవీ మన సవాళ్ళు.

గల్ఫ్‌లో మామూ ఉన్నాడు, అక్కడి నుంచి తెప్పిద్దాం అనేవాళ్ళు ఉన్నారు. జరా సోచో. పంపు ఒక్కసారే వస్తుంది, సెన్సర్లు ప్రతి వారం కావాలి. ఒక దేశంలో కొన్న పంపుకు ఇంకో దేశంలో వారంటీ దొరకడం ముష్కిల్. ఒక కంపెనీ పంపు తనతో జతకుదిరే సెన్సర్‌తోనే మాట్లాడుతుంది, మన మెడికల్ షాపులో దొరికే వేరే సెన్సర్‌తో మాట్లాడదు. మామూ నౌకరీ మారితే, వీసా అయిపోతే, పిల్ల పంపు కూడా ఆగిపోతుంది. పిల్ల ప్రాణాన్ని ఎవరి ఇఖామాకూ ముడివేయకండి.

ఇప్పుడు అసలు హిసాబ్. కాగితం, కలం తీసుకోండి. పంపు ఖరీదు లక్షల్లో ఉంటుంది, అది అందరికీ కనబడే ఖర్చు. కనబడని ఖర్చు దాని వెనక ఉంటుంది. సెన్సర్ 7 రోజులది అయితే ఏడాదికి 52 కావాలి. గొట్టం సెట్టు మూడు రోజులకోసారి మార్చేదైతే ఏడాదికి 120 దాటతాయి, వారం రోజులది అయితే 52. ఇన్సులిన్ నింపే రిజర్వాయర్లు వేరు. ఇన్సులిన్ వేరు. ఊడిపోయిన సెన్సర్లు, ఒంగిపోయిన సెట్లు వేరు. ఎండాకాలం చెమటకు అవి ఊడుతూనే ఉంటాయి. వారంటీ సాధారణంగా నాలుగేళ్ళు. ఆ తర్వాత కొత్త పంపు ఎవరు కొనిస్తారు? ఈ మొత్తం నెలకు ఎంతవుతుందో కంపెనీ వాళ్ళతో రాతలో తీసుకోండి. నోటిమాట కాదు, రాత. దాన్ని ఇంటి ఆమ్‌దనీ పక్కన పెట్టి చూడండి. కిరాయి, స్కూలు ఫీజు, మిగతా పిల్లల ఖర్చు పోగా నాలుగేళ్ళపాటు అది నెలనెలా వెళ్ళగలదా?

వెళ్ళగలదంటే బిస్మిల్లా చెప్పి ముందుకెళ్ళండి. వెళ్ళలేదంటే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పెన్నుతో నాలుగు ఇంజెక్షన్లు, దాంతోపాటు ఒక మంచి సెన్సర్ అనే దారి ఉంది. దీనికి కూడా ఖర్చుంది, కానీ పంపంత కాదు. చేతికి అతికించే 14 రోజుల సెన్సర్లు మన ఊళ్ళ దాకా వచ్చాయి. ఏడాది పొడవునా పెట్టలేకపోతే డాక్టరు చెప్పినప్పుడు రెండు వారాలు పెట్టి చూసినా షుగర్ ఏ వేళలో దారి తప్పుతోందో తెలుస్తుంది. నా రాయ్ ఇదీ: మొదట ఇన్సులిన్, కార్బ్ లెక్క. తర్వాత సెన్సర్. ఆ తర్వాతే పంపు. సెన్సర్ కొనలేక పంపును ఆటో లేకుండా నడిపే ఇంటికన్నా, సెన్సర్ చూసుకుంటూ పెన్నుతో నడిపే ఇల్లు మేలు.

ఎందుకంటే పంపులో ఉండేది త్వరగా పనిచేసి త్వరగా అయిపోయే ఇన్సులిన్ ఒక్కటే. రోజంతా నిలిచే ఇన్సులిన్ ఒంట్లో ఉండదు. గొట్టం ఒంగితేనో, సెట్టు ఊడితేనో కొన్ని గంటల్లోనే ఒంట్లో ఇన్సులిన్ నిల్ అవుతుంది, కీటోన్లు మొదలవుతాయి. కాబట్టి పంపున్న ఇంట్లో కూడా పెన్ను, రెండు రకాల ఇన్సులిన్, కీటోన్ స్ట్రిప్పులు ఎప్పుడూ ఉండాలి. షుగర్ 250 దాటి, పంపు దిద్దుబాటు చేసినా దిగకపోతే కీటోన్ చూడాలి, పెన్నుతో ఇంజెక్షన్ వేయాలి, సెట్టు మార్చాలి, డాక్టరుకు ఫోన్ చేయాలి. ఇది అమ్మీకి ఒక్కదానికే తెలిస్తే చాలదు. అబ్బాకూ తెలియాలి, పెద్దన్నకూ తెలియాలి. చాలా ఇళ్ళల్లో మషీన్ పైసలు అబ్బావి, మషీన్ ఇల్మ్ అమ్మీది. అమ్మీ పుట్టింటికి వెళ్ళిన రోజు అలారం మోగితే ఏం చేయాలో ఎవరికీ తెలియదు. పంపు ట్రైనింగ్‌కు మియాబీవీ ఇద్దరూ కూర్చోవాలి. ఇది నా జిద్దు అనుకోండి.

ఎండ సంగతి కూడా. మన దగ్గర మే నెలలో 45 డిగ్రీలు మామూలు. సీసాలోని ఇన్సులిన్‌నైతే ఫ్రిజ్‌లోనో, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలోనో కాపాడతాం. పంపులోని ఇన్సులిన్ మనిషితోపాటే ఎండలో తిరుగుతుంది. వేడికి అది చెడితే పంపుకు తెలియదు. షుగర్ కారణం లేకుండా ఎక్కుతుంటే అది గుర్తుకు రావాలి. ఉమ్రాకు, హజ్‌కు వెళ్ళేవాళ్ళకు ఇది రెట్టింపు జరూరత్.

ఇక మన వాళ్ళు గొంతు తగ్గించి అడిగే సవాళ్ళు. ఇన్సులిన్ హలాలేనా? 1922లో మొదలైన ఇన్సులిన్ ఆవు, పంది క్లోమం నుంచి తీసిందే. ఆ మాట మన పెద్దల చెవుల్లో ఉండిపోయింది. కానీ 1982 నుంచి మానవ ఇన్సులిన్‌ను ప్రయోగశాలలో బాక్టీరియా ద్వారా, తర్వాత ఈస్ట్ ద్వారా కూడా తయారుచేస్తున్నారు. ఇప్పుడు పంపుల్లో నింపే లిస్‌ప్రో, ఆస్పార్ట్ ఇన్సులిన్లు అలా వచ్చేవే. ఈ వహమ్ వదిలేయండి.

వజూ ఎలా? వజూలో చేతులు మోచేతి దాకా కడుగుతాం, సెన్సర్ దాని పైన ఉంటుంది. సెట్టు ఎక్కువగా పొట్ట మీద ఉంటుంది. వజూకు అడ్డంకి లేదు. స్నానానికి గొట్టం ఊడదీసి, గంట లోపల మళ్ళీ పెట్టుకోవచ్చు. గుసుల్‌లో అతుకు కిందికి నీళ్ళు వెళ్ళవు కదా అనే సందేహం ఉంటే మీ ఆలింను అడగండి. కట్టుకట్టిన గాయానికి ఫిఖ్‌లో దారి ఉందన్న సంగతి ఆయనకు తెలుసు. నమాజ్‌లో పంపు జేబులో ఉంటే సజ్దాకు ఏమీ కాదు, అలర్టులు వైబ్రేషన్‌లో పెట్టుకోవచ్చు. కానీ షుగర్ మరీ పడిపోయిందని అలారం మోగితే నమాజ్ ఆపి చీనీ నోట్లో వేసుకోవాలి. నమాజ్ మళ్ళీ చదువుకోవచ్చు. పక్కన నిలబడ్డవాళ్ళు ఆ పిల్లాణ్ణి కోపంగా చూడకూడదు.

రంజాన్ దగ్గర కొంచెం ఆగాలి. పంపు వచ్చింది కాబట్టి రోజా ఉండొచ్చు అని పిల్లలు సంబరపడతారు, పెద్దలూ గర్వపడతారు. ఆటోమేటెడ్ పంపులతో టైప్ 1 వాళ్ళు రోజా ఉండటం మీద గల్ఫ్‌లో డాక్టర్లు అధ్యయనాలు చేశారు. షుగర్ పడిపోబోతుంటే ఇన్సులిన్ ఆపే పంపు ఉపవాసంలో నిజంగానే మదద్ చేస్తుంది. 780జీలో కొన్ని గంటలపాటు టార్గెట్‌ను 150కి పెంచుకునే ఏర్పాటు ఉంది. కానీ పంపు రోజాకు ఇజాజత్‌నామా కాదు. రంజాన్‌కు ఆరు, ఎనిమిది వారాల ముందే డాక్టరును కలవాలి. రోజాలో ఉన్నా షుగర్ చూస్తూనే ఉండాలి. వేలు పొడిస్తే, ఇన్సులిన్ వేసుకుంటే రోజా పోదని చాలామంది ఉలమా చెప్పారు. 70 కంటే దిగినా, 300 దాటినా ఆ క్షణమే తెంచేయాలి, మగ్రిబ్ ఇంకో పది నిమిషాలే ఉన్నా సరే. సూరె బఖరాలోనే బీమార్‌కు రుఖ్సత్ ఉంది. అల్లాహ్ ఇచ్చిన రుఖ్సత్‌ను మన ఇజ్జత్ కోసం పిల్ల దగ్గర నుంచి లాక్కోవద్దు.

ఇంకో మాట తవక్కుల్ గురించి. 'అంతా ఊపర్‌వాలా చూసుకుంటాడు, మషీన్లు ఎందుకు' అనే చాచాలు ప్రతి ఖాన్‌దాన్‌లో ఉన్నారు. ఒంటెను కట్టేసి ఆ తర్వాత తవక్కుల్ చేయమన్న హదీస్ వాళ్ళకూ తెలుసు. పంపుకూ సెన్సర్‌కూ ఇంతకంటే పెద్ద దలీల్ అక్కర్లేదు. అలాగే మషీన్ ఉంది కదా అని దువా, పరహేజ్ రెండూ వదిలేసేవాళ్ళూ ఉన్నారు. ఒంటెను కట్టిన తాడును కూడా అప్పుడప్పుడూ చూసుకోవాలి.

దావత్‌ల సంగతి తెలిసిందే. ఇన్సులిన్ తినేముందు పది, ఇరవై నిమిషాలకు వేయాలంటారు. మన షాదీఖానాలో తొమ్మిదన్నారంటే భోజనం పదకొండుకు. ప్లేటు రాకుండా ముందే వేసేస్తే షుగర్ పడిపోతుంది. కాబట్టి దావత్‌లో ప్లేటు కళ్ళముందుకు వచ్చాకే వేయాలి. కొంచెం ఎక్కినా ఆ తర్వాత పంపు సర్దుతుంది. పడిపోతే, మామూలుగా మూడు చెంచాల చీనీ తిని పదిహేను నిమిషాలు ఆగమంటారు. ఆటో పంపు ముందే ఇన్సులిన్ ఆపేసి ఉంటుంది కాబట్టి తరచుగా అంతకన్నా తక్కువే చాలు, ఎంతో మీ డాక్టరుతో మాట్లాడుకోండి.

ఇప్పుడు నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం. నేను చూసిన ఇళ్ళల్లో కొడుక్కు టైప్ 1 వస్తే పంపు గురించి మాటలు నడుస్తాయి. కూతురికి వస్తే గొంతులు తగ్గుతాయి. 'నలుగురికీ కనబడుతుంది, రేపు రిష్తా ఎలా?' అంటారు. దుపట్టా కింద దాచగలిగే సూదే మంచిదనుకుంటారు. స్కూల్లో టీచరుకు కూడా చెప్పరు. ఆ పిల్ల క్లాసులో చెమటలు పట్టి కూలబడితే ఏమైందో ఎవరికీ అర్థం కాదు. దాచిన బీమారీ తక్కువవదు, దాచిన రోజు నుంచీ పెరుగుతుంది. ఇక నికాహ్‌కు ముందు దాస్తే అది ధోకా. నికాహ్ తర్వాత అత్తగారింట్లో ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పెట్టడానికి కూడా భయపడి, పూటలు మానేసిన అమ్మాయిల కథలు విన్నాను. టైప్ 1 ఉన్న ఆడవాళ్ళు చదువుతున్నారు, నౌకరీలు చేస్తున్నారు, షుగర్ బాగా చూసుకుంటూ ఆరోగ్యమైన పిల్లల్ని కంటున్నారు. చెప్పి ఒప్పుకునే రిష్తానే రిష్తా.

ఆడపిల్ల పుట్టగానే జహేజ్ కోసం చిట్టీ మొదలుపెట్టే ఖౌమ్ మనది. టైప్ 1 ఉన్న కూతురి పేరున తోలాలు తోలాలుగా బంగారం కూడబెడుతూ, సెన్సర్‌కు పైసలు లేవంటే నేను నమ్మను. ఆ బంగారం ఆమెదే కదా, ఇప్పుడే ఇవ్వండి. ఆమె కళ్ళకు, కిడ్నీలకు, రాత్రి నిద్రకు ఇవ్వండి. జహేజ్ ఇంకొకరింటికి పోతుంది, సేహత్ ఆమెతోనే ఉంటుంది.

పైసలు నిజంగానే లేని ఇళ్ళ సంగతి వేరు. ఇంగ్లాండులో 2024 నుంచి సర్కారీ వైద్యం కింద టైప్ 1 వాళ్ళకు ఈ ఆటోమేటెడ్ పద్ధతులు దశలవారీగా ఇవ్వడం మొదలుపెట్టారు. మన దగ్గర ఆ బరువు ఎక్కువగా ఇంటి జేబు మీదే పడుతోంది. సర్కార్‌ను హక్కుగా అడుగుదాం, అడగాలి. కానీ పిల్ల ఆ ఎదురుచూపులో ఆగదు. మన మస్జిద్ కమిటీలు, బైతుల్‌మాల్‌లు రంజాన్‌లో రేషన్ కిట్లు పంచుతాయి, కుట్టుమిషన్లు ఇస్తాయి. ఫోటో బాగా వస్తుంది. ఒక యతీమ్ పిల్లకో, ఆటో నడిపే భాయ్ కొడుక్కో ఏడాది పొడవునా సెన్సర్లు, ఇన్సులిన్ అందిస్తే ఫోటో రాదు, ప్రాణం నిలుస్తుంది. జకాత్ ఎవరికి పోతుందో ఉలమాను అడిగి, మిగతాది సదఖా, ఇమ్‌దాద్ నుంచి పెట్టొచ్చు. ఒక మొహల్లాకు ఒక పిల్ల చాలు, మొదలవుతుంది.

కాబట్టి 'ఏ పంపు' అని నన్ను అడిగే భాయీ, ఆపా, ముందు ఇవి చూసుకోండి. నాలుగేళ్ళ నెలవారీ ఖర్చు కాగితం మీద ఉందా? ఇంట్లో ఇద్దరికి పంపు నడపడం వస్తుందా? కార్బ్ లెక్క మొదలైందా? పెన్ను, కీటోన్ స్ట్రిప్పులు పక్కన ఉన్నాయా? కంపెనీ కొన్ని రోజులు ట్రయల్ ఇస్తుందా? అన్నిటికన్నా ముఖ్యం, ఒంటి మీద మోసేది ఎవరో వాళ్ళను అడిగారా? పదమూడేళ్ళ పిల్ల 'నాకు వద్దు' అంటే దాని వెనక ఒక వజహ్ ఉంటుంది. కూర్చుని వినండి. బలవంతంగా కట్టిన పంపును పిల్లలు బాత్రూంలో ఊడదీసి పెట్టేస్తారు.

వీటన్నిటికీ 'హా' అనే జవాబు వచ్చిందంటే ఏ పంపు తీసుకోవాలో మీ డాక్టరు పది నిమిషాల్లో చెప్తారు. ఒక్కదానికి 'నహీ' అయినా, ముందు దాన్ని సరిచేసుకోండి. పంపు ఎక్కడికీ పోదు. సూదితో ఉన్నా, పంపుతో ఉన్నా, రోజులో ఎక్కువ భాగం షుగర్ 70కి 180కి మధ్య నిలిస్తే ఆ పిల్ల దారి సరైనదే.

అల్లాహ్ మన పిల్లలకు షిఫా, మనకు సబర్ ఇవ్వాలి. సబర్ అంటే చేతులు కట్టుకు కూర్చోవడం కాదు, రాత్రి రెండింటికి అలారం మోగితే లేవడం.